వీలర్ పేరు గెల్చుకున్నం

"అవ్వా, మనం ఇంగ్లీషోళ్ళం కాదు, వాళ్ళ బంధువులమూ కాదు. షామీర్‌పేట వడ్లోళ్ళం, కట్టెపని చేసేటోళ్ళం. మన ఇంటిపేరు వీలర్ ఏంది? తెల్లవాళ్ళు పోయి ఇన్నేళ్ళయినా వాళ్ళ ముద్ర మనమెందుకు మోయాలె?"

ఈ మాట నేను కోపంగానే అడిగాను. మా నాయినమ్మ వీలర్ లచ్చవ్వ కోపం తెచ్చుకోలేదు. తమలపాకు నమలడం ఆపి, నా వైపు జాలిగా చూసి, చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

*

మోసుడేంది బిడ్డా? నెత్తిమీద గంపనా మోయనీకి? కూసో. గా ఫోను ఆడ పెట్టు, అది ఇంటే ఇననీ. ముద్ర అంటున్నవు. ఎవ్వలు ఎవ్వలికి ముద్ర ఏసిండ్రో ఇన్నంక మాట్లాడు.

మా తాత లింగయ్య. నీకు... ఆగు, నాకు తాత, నీ నాయినకు ముత్తాత, నీకు ఇంకా ఒక మెట్టు పైన. ఆయినె గిర్రలు జేసేటోడు. బండి గిర్ర, ఎడ్లబండికి ఉంటది సూడు, గా గిర్ర. నడుమ కుండ, కుండల నుంచి ఆకులు, ఆకుల మీద వంకర కట్టెలు, కట్టెల మీద ఇనుప పట్టా. ఇప్పుడు మీరు రబ్బరు టైర్లు జూసి మురుస్తరు గని, తుమ్మ కట్టెతోని గుండ్రం దెచ్చుడు అంటే మాటలు గాదు. రెండు గిర్రలకు రెండు కుంచాల జొన్నలు ఇచ్చేటోళ్ళు రైతులు, పండుగకు ఇంత బెల్లం. జొన్నలు గూడ ఎసొంటియి, రొట్టె జేస్తే తెల్లగ పూవులెక్క... ఆఁ, ఏడికి వచ్చిన? తాత.

గప్పుడు అల్వాల్ దిక్కు లష్కరు బండ్లను, అంటే తెల్లోళ్ళ ఫౌజు బండ్లను, బాగుజేసే కొట్టం ఒకటి ఉండె. తాత ఆడికి పనికి వోయేటోడు. షామీర్‌పేట కెళ్ళి నడుసుకుంట, కోడి కూతకు లేసి. ఆ కొట్టం మీద ఒక తెల్ల సార్జంటు. ఆయిన పేరు వీలర్. గిర్ర తయారైతే సార్జంటు వచ్చి అటు తిప్పి ఇటు తిప్పి జూసి, బాగుంటే ఇనుప ముద్ర ఎర్రగ కాల్చి కుండ మీద కొట్టేది. ముద్ర మీద ఏముండె? ఆయిన పేరు. వీలర్.

తాతకు చదువు రాదు. ఏదో లష్కరు గుర్తు అనుకున్నడు. ఒకనాడు ఆడ వంట జేసే మనిషి, ఇంగ్లీషు వచ్చినోడు, చెప్పిండు. "లింగన్నా, అది దొర పేరు." తాతకు ఇగ మండింది సూడు! నీ కోపం యాడికెళ్ళి వచ్చిందనుకున్నవు, గాడికెళ్ళే వచ్చింది. సుత్తె కింద వడేసి నేరుగా సార్జంటు కాడికి వోయిండట. వంటాయినను మాటలు చెప్పనీకి ఎంబడి గుంజుకపోయిండు. "నేను చెక్కిన కుండ. నేను కొట్టిన ఆకులు. పేరు నీదెట్లయితది?"

సార్జంటు కోపం జేస్తడనుకున్నరు. ఆయిన నవ్విండు. నవ్వి ఏం చెప్పిండంటే, మా దేశంల గూడ ఎన్కట మనిషికి ఒక్కటే పేరు ఉండేది. ఊరికి పది మంది జాన్‌లు. పన్ను రాసుకునేటోనికి ఏ జానో తెలవకపాయె. అందుకని పని రాసేటోడు. ఇనుము కొట్టే జాను, రొట్టె కాల్చే జాను, గిర్ర జేసే జాను. రాయంగ రాయంగ పని పేరే ఇంటిపేరయింది. వీలర్ అంటే గిర్ర జేసేటోడని. మా తాతల తాత చేసేటోడు. మా నాయిన గుర్రాలు తోలిండు. నేను తుపాకి వట్టిన. పని పోయింది, పేరు మిగిలింది. గంత చెప్పిండట ఆ దొర. నువ్వు నిన్న ఫోన్ల జూసి గదే చెప్పినవు గద? నాకు గా ముచ్చట డెబ్బై ఏండ్ల కింద మా తాతనే చెప్పిండు.

మన దిక్కు గూడ గంతే గద బిడ్డా. వడ్ల లింగడు, కమ్మరి రామడు అని రాసేటోళ్ళు. గని మనకు పని పోయినా పేరు పోనియ్యరు, పేరును జూసి ఏడ కూసోవాలెనో చెప్తరు. ఆ తేడా ఉన్నది. గది నీకు నాకన్న ఎక్కువ తెలుసు, పుస్తకాలు సదివినవు.

ఇగ తాత ఏమన్నడు? "దొరా, నీ పేరు గిర్ర జేసేటోని పేరైతే, నువ్వు గిర్ర చేసి సూపియ్యి. చేస్తే ఆ పేరు నీదే, నేను నోరు మూసుకుంట. చెయ్యకపోతే అది నా పేరు." సూసినవా ధైర్యం! ఒంటి మీద గోసి తప్ప ఏం లేనోడు. సార్జంటుకు గూడ పౌరుషం వచ్చింది. కట్టె ఇచ్చిండ్రు, పనిముట్లు ఇచ్చిండ్రు. పది రోజులు చెక్కిండు పాపం, అరచేతులు బొబ్బలెక్కినయట. పదకొండో రోజు దొర్లించిండు. మా తాత ఎట్ల చెప్పేటోడో తెలుసా? తాగినోడు జాతరకెళ్ళి ఇంటికి వచ్చినట్టు వచ్చిందట గా గిర్ర! అటు ఒక అడుగు, ఇటు ఒక అడుగు, గోడకు గుద్దుకొని ఆకులన్ని రాలినయి. కొట్టమంత నవ్వు. దొర గూడ నవ్విండు. మాట తప్పలే, గది ఒప్పుకోవాలె. ముద్ర తెచ్చి తాత చేతుల వెట్టిండు. గానాటి సంది మా తాత చేసిన ప్రతి గిర్రకు గా ముద్ర. మేడ్చల్ అంగట్ల రైతులు ముందుగాల వంగి కుండ మీద ముద్ర జూసి బండి కొనేది. మా ఇంటిని వీలరోళ్ళ ఇల్లు అనేది.

ఇచ్చిన పేరు గాదు బిడ్డా. పందెం గెల్చి తెచ్చుకున్న పేరు. నువ్వు గిట్ల తల తిప్పకు, ఇంకున్నది. గెల్చుడు తాతతోని అయిపోలే. నా వరకు వచ్చింది.

మా నాయిన మల్లయ్యకు నేనొక్కదాన్నే. కొడుకు లేడు. నాకు ఏడేండ్లప్పటి సంది పనిముట్లు అందిస్తుంటి. నాకు పదిహేనేండ్లప్పుడు తుమ్మ మొద్దు మీద వడి నాయిన కుడిచెయ్యి నలిగింది. వేళ్ళు ముడుసుకపోయినయి, ఉలి వట్టరాలే. పని లేకపోతే తినుడెట్ల? నాయిన కొట్టం తలుపు మూసి నన్ను కూసోవెట్టిండు. ఆయిన నోటితోని చెప్పేది, నేను చేతులతోని చేసేది. ఆయిన నోరు మంచిది గాదు! "గాడిదా, కుండకు సందు గంత పెడితె ఆకు కూసుంటదా, పంటదా?" తిట్టు తిట్టుకు ఒక పని నేర్చుకున్న. రెండేండ్లు. బయట ఎవ్వలికి తెల్వది. ముద్ర వడేది, బండ్లు వోయేటియి. పట్టా ఎక్కించుడు మాత్రం కమ్మరోళ్ళు వచ్చి బయట చేసేది, నాయిన ఆడ నిలవడి ఎడమచెయ్యి ఊపుతుంటే. ఆడికి నేను పోరాదు. పట్టా మంటల ఉన్నప్పుడు ఆడిమనిషి నీడ వడితే పట్టా పగులుతదని గప్పటోళ్ళ పట్టింపు.

మా చిన్నాయిన కొడుకు రాజన్న. నా కన్న ఐదేండ్లు పెద్ద. మంచోడే, గని చెవులు మస్తు మెత్తన, ఎవ్వలేం చెప్తే గది ఇనేటోడు. ఆయినకు ఎవ్వలో ఎక్కిచ్చిండ్రు. "మల్లయ్యకు కొడుకు లేడు. లచ్చి రేపు పెండ్లైతే పరాయి ఇంటిది, పరాయి పేరుది. కొట్టం, ముద్ర, పేరు నీకే రావాలె." పంచాయితి వెట్టిచ్చిండు. కులపెద్ద ఎల్లయ్య, మా కొట్టం ముంగటనే మంచం ఏసుకొని కూసున్నడు. ఊరోళ్ళంత వచ్చిండ్రు.

ఎల్లయ్య మీసం దువ్వుకుంట అన్నడు, "మల్లయ్యా, చెయ్యి వోయె, కొడుకు లేకపాయె. పేరు రాజన్నకు ఇయ్యి. పిల్లకు పెండ్లి జెయ్యి."

నాయిన తల వంచుకున్నడు. ఆయిన తల వంచుడు నేను గదే ఫస్టు సారి జూసుడు. నాకేమయిందో, తలుపు సందుల కెళ్ళి బయటికి వచ్చేసిన. "పెద్దయ్యా, రెండేండ్ల సంది మీ బండ్ల కింద తిరుగుతున్నయి నా గిర్రలే. నీ బండి గూడ. పోయిన దసరాకు కొన్నవు గద? ఎట్లున్నది, మంచిగ తిరుగుతున్నదా?"

ఇగ సూడు! ఎల్లయ్య తన బండి దిక్కు జూసిండు, ఆయిన ఎడ్లు గూడ ఆయినెను జూసినయి. ఆఖరికి ఎవ్వలో నవ్విండ్రు. ఎల్లయ్యకు సిగ్గు కోపమయింది. "గట్లనా? అయితే చెరొక గిర్ర జెయ్యుండ్రి. నువ్వొకటి, రాజన్న ఒకటి. ఒకే బండికి కట్టి, రాళ్ళెత్తి, షామీర్‌పేట కెళ్ళి అల్వాల్ దాక తోలాలె. ఎవ్వలి గిర్ర నిలుస్తదో పేరు వాళ్ళది. గని పట్టా గూడ ఎవ్వలిది వాళ్ళే ఎక్కియ్యాలె." ఆఖరి మాట కావాలని అన్నడు. మంట కాడికి నేను పోరాదు గద. పోతే ఓడిపోయినట్టె, పోకపోతే ఓడిపోయినట్టె.

మా అమ్మ కొంగు నడుముకు చెక్కి ముంగటికొచ్చింది. "ఎల్లయ్య బావా, మీ ఇంట్ల పొయ్యి కాడ ఎవ్వలుంటరు? ఆ మంటకు లేని అంటు ఈ మంటకు యాడికెళ్ళి వచ్చె? అన్నం ఉడుకుతది గని ఇనుము కాలదా?" ఎల్లయ్య సరే అనక తప్పలే. అన్నం తినేటోడే గద ఆయిన గూడ.

రాజన్న గిర్ర చేసిండు, నేను గిర్ర చేసిన. ఆయినది జూస్తే చూడముచ్చట. సందే లేదు, కట్టెకు కట్టె అతుక్కున్నది. ఎల్లయ్య అరచెయ్యితోని రాసి రాసి మెచ్చుకుంటాండు. నా దాంట్ల ఒకటి రెండు కాడ గోరు దూరేటంత సందు. నాకు పరేషాన్ అయింది. నాయిన మాత్రం రాజన్న గిర్ర కాడికి వోయి, వాసన జూసి వచ్చిండు. వాసన! వచ్చి నా చెవుల అన్నడు, "చెరువుల నానేసిండు."

నీకు తెలవదు గద, చెప్త. ఎండలకు పాత గిర్ర ఎండి ఆకులు కదులుతుంటయి. రైతులు చెరువుల నానేస్తరు. కట్టె ఉబ్బి గట్టిగయితది, నాలుగు దినాలు నడుస్తది. అది రైతు చేసే పని. కొత్త గిర్రకు వడ్లోడు చేసే పని గాదు. రాజన్నకు సందులు వచ్చినయి, వాటిని దాయనీకి నానేసిండు. నానిన కట్టె మీద తాడు చుట్టి కొలత తీసి పట్టా చేపిచ్చిండు. రేపు ఎండల కట్టె ఎండితే? పట్టా వదులు. మా నాయిన కట్టెను రెండు వానకాలాలు నీడల పండవెట్టి, ఎండల మిట్టమధ్యాన్నం కొల్సేటోడు. నేను గట్లనే కొల్సిన. పంచాయితిల చెప్దామంటే నాయిన ఆపిండు. "నువ్వు చెప్తె అసూయ అంటరు. బాట చెప్తది."

పట్టా కాల్చేటోడు మేడ్చల్ కెళ్ళి వచ్చిండు, కమ్మరోళ్ళ పిలగాడు నర్సయ్య. నల్లగ, సన్నగ, నవ్వితే పండ్లే కనవడేది. పిడకలు పేర్చి పట్టా నడుమ వెట్టి కాల్చిండ్రు. పట్టా గిర్ర కన్న వేలంత చిన్నగ ఉంటది, కాలితే పెద్దగయితది, గప్పుడు ఏసి నీళ్ళు వోస్తే బిగుసుకుంటది. ఆలస్యమైతే కట్టె కాలుతది, తొందరైతే పట్టా దిగదు. నేను మంట కాడికి వోయిన. ఊరంత చూస్తాంది, ఎప్పుడు పగులుతదా అని. పట్టా మీద కట్టెపుల్ల రాసిన, పొగ వచ్చింది, పుల్ల అంటుకున్నది. "ఎత్తు!" అన్న. నర్సయ్య, ఇంకో ఇద్దరు పట్కారులతోని ఎత్తిండ్రు. పెట్టిండ్రు. కట్టె మంటలు లేసింది. "నీళ్ళు!" అమ్మ బిందె వంచింది. గిర్ర కిర్రు కిర్రు మన్నది, కట్టెకు కట్టె దగ్గరికి జరిగి, నా సందులు నా కండ్ల ముంగటనే మూసుకున్నయి. పట్టా పగలలే. నా నీడ మాత్రం దాని మీదనే ఉండె, అందరు జూసిండ్రు.

తెల్లారి బండి కట్టిండ్రు. ఎడమ దిక్కు రాజన్నది, కుడి దిక్కు నాది. మీదికెళ్ళి రాళ్ళు. ఎండ నిప్పులు కురుస్తాంది. బండెన్క ఊరంత నడుస్తాంది, పెండ్లి ఊరేగింపు లెక్క. పిల్లగాండ్లు "రాజన్న! లచ్చక్క!" అని ఒర్రుతాండ్రు. తూంకుంట దాపుకు వచ్చినం. గలగల గలగల అని ఏదో మోగుతాంది. నర్సయ్య చెవి వెట్టి, "ఎడమది" అన్నడు. ఇంకొంచెం దూరం వోయేసరికి పట్టా జారి బాట మీద వడి, దొర్లుకుంట పొయ్యి కంపల వడ్డది. ఆకులు కదులుతున్నయి. బండి ఒరిగింది.

ఊరోళ్ళు కేకలు. "లచ్చి గెల్చింది!" అని. ఎల్లయ్య గొంతు సవరించుకొని, "బండి అల్వాల్ దాక పోలే గద, పందెం చెల్లదు" అన్నడు. విన్నవా? ఓడిపోయినా మాట దొరకవట్టేటోళ్ళు ఎప్పుడుంటరు. నువ్వు సభలకు వోతవు సూడు, గా సంఘపోళ్ళు ఏమంటరు దాన్ని, గా మాట... ఏదో ఉన్నది, నాకు నోరు తిరగదు.

నేను అన్న, "పోతది. రెండు గిర్రలతోని పోతది." తూంకుంటల కొలిమి ఉండె. రాజన్న గిర్రను విప్పించి కొలిమి కాడికి దొర్లించిన. ఎండిన కట్టెకు తాడు చుట్టి మల్ల కొల్సిన. పట్టా ఎంత కోయాలెనో నర్సయ్యకు గోటితోని గీసి సూపిచ్చిన. ఆయిన కోసి, కాల్చి అతికిండు. ఆకుల సందులకు చీలికలు కొట్టిన. రాజన్న మూలకు కూసున్నడు. "ఏం రాజన్నా, చూసుకుంట కూసుంటవా? పట్కారు వట్టు" అన్న. లేసి వచ్చి వట్టిండు. కండ్లల్ల నీళ్ళు, చేతుల పట్కారు. మంట, ఎత్తు, నీళ్ళు. సాయంత్రం వరకు బండి అల్వాల్ అంగట్ల నిలవడ్డది. కుడి గిర్ర నాది, ఎడమ గిర్ర నాదే. రాయి ఒక్కటి జారలే.

ఎల్లయ్య ఏమంటడు ఇగ? రాజన్ననే అన్నడు, అందరి ముంగట, "పెద్దయ్యా, నా గిర్ర గూడ దానిదే అయింది. ఇంకా ఏం పంచాయితి?" గా మాటకు నేను రాజన్నను బతికినన్ని దినాలు ఇడువలే. ఆఖరు దాక మా కొట్టంలనే పనిచేసిండు.

నాయిన మెచ్చుకుంటడనుకున్న. వంగి ఎడమ గిర్రను జూసి, "పట్టా ఇంకో అర వేలు కోస్తె మంచిగుంటుండె" అన్నడు. గంతే! అని అటు తిరిగి పంచెతోని మొఖం తుడుసుకున్నడు. ఎంత సేపు తుడుసుకున్నడో.

పెండ్లి మాట వచ్చినప్పుడు నర్సయ్యోళ్ళ నాయిన మేడ్చల్ కెళ్ళి వచ్చిండు. నేనే చెప్పిన, ఆడపిల్ల మాట్లాడొద్దంటరు గని నాకు ఆ పట్టింపు కూడ ఆ మంటలనే కాలింది. "నేను మీ ఇంటికి రాను, మీ పేరు వెట్టుకోను. పిలగాడే రావాలె. పుట్టినోళ్ళకు నా పేరే." ముసలాయిన నోరు తెరిచిండు. నర్సయ్య పండ్లన్ని బయట వెట్టి, "నాయినా, మనింట్ల మేం నలుగురం అన్నదమ్ములం, పేరుకు కరువు లేదు. గిసొంటి కొలత తీసేటోళ్ళకే కరువు" అన్నడు. గాయినే మీ తాత. నాలుగేండ్లాయె ఆయిన పొయ్యి. గా నవ్వు మాత్రం నీ నాయినకు వచ్చింది, ట్రాక్టరు ట్రాలీలు అమ్మేటప్పుడు వాడతడు.

ఇగ ఆఖరికి, నీ నాయినను బడిల ఏసేటప్పుడు. కొత్త సారు, పట్నం కెళ్ళి వచ్చినోడు. పేరు రాసుకుంట నవ్విండు. "ఏమ్మా, తెల్లోళ్ళ పేరు ఎందుకు? తెల్లోళ్ళు పోయిండ్రు గద." నీ లెక్కనే అడిగిండు, గిదే గొంతు. నేను బల్ల మీద రెండు చేతులు వెట్టిన. గిగో సూడు, గప్పటి సంది గీ గుర్తులు, గిది ఉలిది, గిది పట్టాది. "సారు, గది తెల్లోని పేరు గాదు. గిర్ర జేసేటోని పేరు. తెల్లోడు చెయ్యలేక ఇడిచిపెట్టిండు. మా ఊరి మొగోడు చెయ్యలేక ఇడిచిపెట్టిండు. నేను చేసిన. పెద్దక్షరాలతోని రాయి."

రాసిండు బిడ్డా. నా ముంగట కలం సిరాల ముంచి రాసిండు.

సంఘంల మీరు అంటరు గద, దున్నేటోనిదే భూమి అని. మస్తు మంచి మాట. గట్లనే చేసేటోళ్ళదే పేరు. నువ్వు ఏం చేస్తవో నాకు సమజ్ గాదు, గా కంప్యూటర్ల ఏదో రాస్తవు, సభలల్ల ఒర్రుతవు. ఒర్రు. గట్టిగ ఒర్రు. గని చేసేది ఎవ్వలు జూసినా జూడకున్నా సరిగ్గ కొల్సి చెయ్యి. నిన్ను జూసి రేపు ఎవ్వలన్న, మా పిల్లకు గీ పేరు వెడ్తం అనాలె. సల్లగుండు నా తల్లి. నీ చెయ్యి నిలవాలె, నీ మాట నిలవాలె. లే ఇగ, కాళ్ళు తిమ్మిరెక్కినయి, గా చెయ్యి ఇయ్యి... మెల్లగ... ఆఁ, గట్ల.